తిరుపతి నుంచి రామేశ్వరం, అమ్మానాయనతో 3 రోజులు – గుడి అయినాక దీవిలో ఏమేం చూడాల?

అలిపిరి_మెట్లు (తిరుపతి)

అందరికీ నమస్తే. జనవరి ఆఖర్లో అమ్మా నాయనను రామేశ్వరం తీసకపోతా ఉండా. తిరుపతి రామేశ్వరం ఎక్స్‌ప్రెస్‌లో టికెట్లు చేసేసినా, మన చిత్తూరు కాట్పాడి మీదుగా పోయే బండి. అమ్మ, నాయన, మా ఆవిడ, 9 ఏళ్ళ పాప, నేను, మొత్తం 5 మందిమి. నాయనకు 71, బాగానే నడుస్తాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లంటే కష్టం. కానీ రామేశ్వరం పోవాలని నా పెండ్లికి ముందు నుంచీ అంటా ఉంది, ప్రతి ఏడూ ఏదో ఒకటి అడ్డమొచ్చి ఆగిపోతా వచ్చింది, ఈసారి ఇంగ ఆగేది లేదు.

ఇక్కడ ఎవురిని అడిగినా ఒకటే చెప్తా ఉండారు. పొద్దున దిగండి, సముద్రంలో మునగండి, 22 బావుల నీళ్ళు పోసుకోండి, దర్శనం చేసుకోండి, సాయంత్రం బండెక్కండి అని. దగ్గర దగ్గర 600 కిలోమీటర్లు పోయి, ఒక దీవి మీద కాలుపెట్టి, ఆ దీవి ఎట్లుంటాదో చూడకుండా వచ్చేదానికి నాకు మనసు ఒప్పడం లేదు. మూడు రోజులు పెట్టుకున్యా. ఏది ఎప్పుడు చూడాల, పెద్దోళ్ళకు ఏది కష్టం, పోయొచ్చినోళ్ళు చెప్పండి. ధనుష్కోడి గురించి ముఖ్యంగా కావాల. పాపకు బడిలో ఎవురో చెప్పినారంట అక్కడ రైలు సముద్రంలో కలిసిపోయిందని, రోజూ అడగతా ఉంది.

పాకాల_జంక్షన్

అన్నా మంచి బండి ఎక్కతా ఉండారు. ముందు వంతెన సంగతి చెప్తా, ఎందుకంటే దీవిలో చూడాల్సిన మొదటి వస్తువు అదే, చానా మంది నిద్రపోతా దాటేస్తారు.

మండపం అనే ఊరితో మన నేల అయిపోతాది. ఆ తర్వాత 2 కిలోమీటర్ల పైన సముద్రం, దాని అవతల పాంబన్ దీవి, ఆ దీవి మీద ఉండే ఊరు రామేశ్వరం. పాత రైలు వంతెన 1914 ఫిబ్రవరిలో మొదలైంది, దానికి 145 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కలు. మధ్యలో ఓడలు పోయేదానికి రెండు రెక్కల మాదిరి పైకి లేచే భాగం ఉండేది, మనుషులే చేత్తో తిప్పి తెరిచేవాళ్ళు. గాలి గంటకు 58 కిలోమీటర్లు దాటితే బండ్లు ఆపేసేవాళ్ళు. 2022 డిసెంబర్లో ఆ వంతెన మీద రైళ్ళు ఆపేసినారు, రెండేళ్ళ పైన అందరూ మండపంలోనో రామనాథపురంలోనో దిగి రోడ్డున పోవాల్సి వచ్చింది. మా అత్తామామను నేను అప్పుడే తీసకపొయినా, మూటలన్నీ మోసుకోని బస్సు మారేటప్పటికి ప్రాణం పొయింది.

కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజు తెరిచినారు. ఇది రెక్కల మాదిరి విచ్చుకోదు, 72.5 మీటర్ల ముక్క మొత్తం లిఫ్టు లాగా నిట్టనిలువుగా 17 మీటర్లు పైకి పోతాది. సముద్రం మీద ఇట్లాంటిది మన దేశంలో ఇదే మొదటిది. మీరు పోయేటప్పుడు తెల్లవారుజామున చీకట్లో దాటుతారు కాబట్టి ఏం కనపడదు, నీళ్ళ చప్పుడు, గాలి అంతే. అందుకే తిరిగి వచ్చేటప్పుడు వెలుగుండంగానే దాటే టైము చూసుకోండి. ఇంకోటి, పక్కనే రోడ్డు వంతెన ఉంది, 1988లో తెరిచింది. దాని మీద నిలబడితే కింద రైలు వంతెన, చేపల పడవలు, అటు పచ్చగా ఇటు నీలంగా నీళ్ళు అన్నీ కనపడతాయి. 1988కి ముందు దీవికి పోవాలంటే రైలో పడవో, అంతే దారి.

చిత్తూరు_చింతచెట్టు

బాబూ, నేను మూడుసార్లు పోయొచ్చిన మనిషిని, 68 నడుస్తా ఉంది. నీ వీధిలోవాళ్ళు చెప్పింది తప్పు కాదు. రామేశ్వరానికి పోయేది రామలింగేశ్వరుడి కోసం. చార్‌ధామ్‌లో ఒకటి, 12 జ్యోతిర్లింగాల్లో ఒకటి. ఆ గుడికే ఒక రోజు చాలదు, మీరు దీవి దీవి అని గుడిని తొందరగా ముగించేస్తారేమో అని నా భయం.

వరస చెప్తాను. మొదటిరోజే స్నానాలు పెట్టుకోండి. తూర్పు గోపురానికి ఎదురుగా అగ్నితీర్థం, అంటే సముద్రమే. అక్కడ అలలు ఉండవు, చెరువు మాదిరి నిలబడి ఉంటుంది, అమ్మగారు చెయ్యి పట్టుకోని దిగొచ్చు. తర్వాత తడిబట్టలతోనే లోపలికి పోయి 22 తీర్థాలు. బావి గట్టు మీద మనిషి నిలబడి చిన్న బకెట్ తాడుతో దించి చేది నెత్తిన గుమ్మరిస్తాడు. ఒక్కో బావి నీళ్ళు ఒక్కో రుచి, సముద్రం పక్కనే ఉన్నా ఉప్పగా ఉండవు. అన్నీ అయినాక పొడి బట్టలు మార్చుకోవాలి, తడిబట్టలతో గర్భగుడి దగ్గరికి వదలరు. రెండు జతలు, ఒక ప్లాస్టిక్ సంచి చేతిలో పెట్టుకోండి.

అమ్మగారి మోకాళ్ళ గురించి ఒక మాట. బావి బావికీ నడక, కింద రాయి అంతా తడి, జారుతుంది. పోయినసారి నా కళ్ళముందే ఒకామె పడింది. ఒక మనిషి అమ్మగారి చెయ్యి వదలకూడదు.

పొద్దున 5 గంటలకు స్ఫటికలింగ దర్శనం ఉంటుంది, అది వేరే రోజు పెట్టుకోండి. అప్పుడే మూడో ప్రాకారం కూడా చూడండి, 1212 స్తంభాలు. ఒక మూల నిలబడి చూస్తే రెండువైపులా స్తంభాలు దగ్గరగా వచ్చి వచ్చి చివర ఒక చిన్న వెలుగు చుక్కలో కలిసిపోతాయి. 18వ శతాబ్దంలో రామనాథపురం సేతుపతులు కట్టించింది. జనం ఉన్నప్పుడు అది కనపడదు, తెల్లవారుజామునే కనపడుతుంది.

పుత్తూరు_పిల్లోడు

పెద్దాయన చెప్పినట్టే చెయ్యండి గుడి విషయంలో. ఊర్లో తిరిగేదానికి ఆటో మాట్లాడుకోండి, కానీ ఎక్కేముందే ఏమేం ప్లేసులు, ఎంత సేపు ఆగాల, మొత్తం ఎంత అని గట్టిగా మాట్లాడుకోండి. మేము పోయినప్పుడు ఒకాయన ఒక రేటు చెప్పి సగం తిప్పినాక దీనికి వేరే దానికి వేరే అన్నాడు, పిల్లోళ్ళు ఎండలో ఉండారని ఇచ్చేసినాం కానీ మనసు పాడైంది. మన చిత్తూరు తమిళం వచ్చుంటే చాలు, తమిళంలో మాట్లాడితే మర్యాదగా మాట్లాడతారు.

చూడాల్సినవి: గంధమాదన పర్వతం, పర్వతం అంటారు కానీ గుట్టే, దీవి అంతటికీ ఎత్తైన చోటు, రాముడి పాదాలు ఉండాయి, పైకెక్కితే చుట్టూ కొబ్బరిచెట్లు సముద్రం కనపడతాది. అమ్మకు కొన్ని మెట్లు ఉంటాయి చూసుకోండి. పంచముఖ ఆంజనేయుడి గుడిలో నీళ్ళల్లో తేలే రాళ్ళు పెట్టింటారు, పిల్లోళ్ళు దాన్ని వదిలి రారు. విల్లూండి తీర్థం అని తంగచ్చిమడం దగ్గర, సముద్రంలోకి చిన్న వంతెన మాదిరి కట్టినారు, దాని చివర బావి, చుట్టూ ఉప్పు నీళ్ళు లోపల తియ్యటి నీళ్ళు. సీతమ్మకు దాహమైతే రాముడు విల్లు గుచ్చినాడని కథ. నేను తాగినా, నిజంగానే మంచినీళ్ళు.

భోజనం బాధ లేదు, కానీ పప్పు, ఊరిబిండి అలవాటైన పెద్దోళ్ళకు మూడో రోజుకు నోరు చప్పబడతాది. నిప్పట్లు, ఒక సీసా ఊరగాయ పెట్టుకోండి.

కార్వేటినగరం_అక్క

తమ్ముడూ ధనుష్కోడి గురించి అడిగినావు కదా, అది ఎవురూ సరిగ్గా చెప్పలేదు, నేను చెప్తా, కొంచెం పెద్దదైనా ఓపిగ్గా చదువు.

మా అవ్వ, అంటే నాయనమ్మ, పెండ్లయిన కొత్తలో మా తాతతో కలిసి రామేశ్వరం యాత్ర చేసింది. అప్పట్లో మెయిన్ లైను ధనుష్కోడికే, పాంబన్ దగ్గర విడిపోయి రామేశ్వరానికి పోయేది బ్రాంచి లైను. మద్రాసు ఎగ్మోర్ నుంచి బోట్ మెయిల్ వచ్చేది, ధనుష్కోడిలో దిగి స్టీమరెక్కితే అవతల తలైమన్నార్, ఆడ మళ్ళా రైలెక్కితే కొలంబో. అవ్వ చెప్పేది ఏందంటే ధనుష్కోడి స్టేషన్లో దిగితే ఒకవైపు సింహళం పోయేవాళ్ళు పెట్టెలతో, ఇంకోవైపు మన మాదిరి యాత్రోళ్ళు మూటలతో, మధ్యలో చేపల గంపలు, ఇసుక కాళ్ళకు కాలతా ఉంటే తాత చెప్పులు విడిచి ఆమెకు ఇచ్చినాడంట. పోస్టాఫీసు, బడి, చర్చి, గుడి, కస్టమ్స్ ఆఫీసు అన్నీ ఉన్న ఊరు. అవ్వ అది చెప్పేటప్పుడు ఎప్పుడూ "ఆ ఊరు" అనేది, పేరు అనేది కాదు.

1964 డిసెంబర్ 22 రాత్రి తుఫాను వచ్చింది. పాంబన్ నుంచి ధనుష్కోడి పోయే పాసింజరు బండి ఊరు ఇంకా కొంచెం దూరం ఉండంగా అలలు వచ్చి బండిని బండిగా ఊడ్చుకోని పొయినాయి. అందులో వంద మందికి పైగా ఉండారు, ఒక్కరు మిగల్లేదు. ఊరూ పొయింది. ఆ తర్వాత గవర్నమెంటు ఈ ఊర్లో మనుషులు ఉండేదానికి లేదు అని చెప్పేసింది. రైలు లైను మళ్ళా వెయ్యలేదు. మా ఇంట్లో రేడియో లేదు, పక్కింటోళ్ళ రేడియోలో విని అవ్వ ఆరోజు అన్నం తినలేదని నాయన చెప్పేవాడు.

పోయిన ఏడు నేను పోయి చూసినా. గోడలు నిలబడి ఉండాయి తమ్ముడూ. చర్చికి పైకప్పు లేదు, గోడలు పగడపు రాళ్ళతో కట్టింది, దగ్గరికి పోయి చూస్తే రాయిలో పువ్వుల మాదిరి, తేనెపట్టు మాదిరి గీతలు. చేత్తో తడిమితే గరుగ్గా ఉంటాది. గాలికి ఇసుక కొట్టి కొట్టి మూలలు గుండ్రంగా అరిగిపొయినాయి. స్టేషన్ది కొంచెం గోడ ఉంది. నేను ఆ స్టేషన్ గోడ నీడలో కూర్చున్యా, అవ్వ దిగింది ఈడే కదా అని. ఆటో ఆయన హారన్ కొడతానే ఉన్నాడు, నేను లేవలేదు.

అందుకే చెప్తా ఉండా, ధనుష్కోడిని మధ్యాహ్నం పెట్టుకోవద్దు, ప్యాకేజీలో అర్ధగంట కింద పెట్టుకోవద్దు. తెల్లారంగానే పోండి. పొద్దున 6 దాటినాక వదుల్తారు, సాయంత్రం చీకటి పడకముందే అందర్నీ పంపించేస్తారు. రామేశ్వరం నుంచి 20 కిలోమీటర్ల లోపే. 2017లో చివరిదాకా తారురోడ్డు వేసినారు, అంతకుముందు ఇసుకలో జీపులు, వ్యాన్లే. ఇప్పుడు కారు నేరుగా దీవి చివరి మొన అరిచల్‌మునై దాకా పోతాది కాబట్టి మీ అమ్మకు ఏం కష్టం లేదు.

పాకాల_జంక్షన్

అక్కా మీరు చెప్పింది చదివి కాసేపు అట్లే కూర్చుండిపొయినా. దీనికి ఒకటి కలుపుతా. అదే తుఫానుకు పాంబన్ వంతెన కూడా దెబ్బతింది, 145 స్పాన్లలో 126 గర్డర్లు, అంటే ఇనుప దూలాలు, కొట్టుకుపొయినాయి, మధ్యలో రెక్కల భాగం మాత్రం నిలబడింది. ఆరు నెలల్లో బాగుచెయ్యాలని రైల్వే పెట్టుకుంటే మూడు నెలల్లో కావాలన్నారు పైవాళ్ళు. ఆ పని ఒక కుర్ర ఇంజనీరుకు అప్పజెప్పినారు, ఆయన సముద్రంలో పడిన గర్డర్లనే వెతికి పైకి లాగించి మళ్ళా వాడి 46 రోజుల్లో బండి నడిపించినాడు. ఆయనే ఈ. శ్రీధరన్, తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించిన మనిషి. పాపకు ఇది కూడా చెప్పండన్నా, మునిగిపోయిన రైలు కథ ఒక్కటే చెప్తే పిల్లలకు బరువైతాది.

సూళ్లూరుపేట_షార్_వీధి

అందరూ కలాం గారిని మర్చిపోయినారే. ఆయన పుట్టింది రామేశ్వరంలోనే, 1931 అక్టోబర్ 15. వాళ్ళ నాయన యాత్రోళ్ళను ధనుష్కోడికి పడవలో దాటించేవాడు, ఆ పడవ ఒక తుఫానుకు పొయింది. యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే పేపర్ల కట్టలు పోయే రైల్లోంచి విసిరేస్తా ఉంటే ఏరుకొచ్చి పంచింది ఈయనే. ఆ లైనే అక్క చెప్పిన ధనుష్కోడి లైను.

మసీదు వీధిలో ఇల్లు ఉంది, మ్యూజియం చేసినారు. ఊరికి ముందు పేయికరుంబులో సమాధి దగ్గర స్మారకం ఉంది, 2017 జులై 27న తెరిచినారు, ఆయన చనిపోయి సరిగ్గా రెండేళ్ళకు. లోపల రాకెట్ల నమూనాలు ఉంటాయి, అక్కడ కలాం గారు చేయించిన రాకెట్టు ఎస్‌ఎల్‌వీ-3 ముందర నిలబడినప్పుడు పాపకు చెప్పండి, ఇది ఎగిరింది మన జిల్లాలోనే అని. 1979 ఆగస్టులో మొదటిసారి పోయి బంగాళాఖాతంలో పడిపొయింది, 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. శ్రీహరికోట కూడా దీవే కదా, ఒకవైపు పులికాట్, ఒకవైపు సముద్రం. ఒక దీవిలో పేపర్లు పంచిన పిల్లోడు ఇంకో దీవి నుంచి ఉపగ్రహం పంపించినాడు. మా నాయన షార్‌లో, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రంలో, క్యాంటీన్లో పనిచేసేవాడు, ఆయన్ని చూసినోడు, ఆ మాట చెప్పకుండా ఏ పండగా గడవదు మా ఇంట్లో.

మాటలో మాట. రామేశ్వరం దాకా పోలేని వాళ్ళు ఎవరైనా ఇది చదవతా ఉంటే, మన దగ్గరే తడ పక్కన భీములవారిపాలెం నుంచి పడవలో ఇరకం దీవికి పోయి రండి, ఒకరోజులో అయిపోతాది. చలికాలంలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డుకు రెండువైపులా ఫ్లెమింగోలు నిలబడి ఉంటాయి, బండి ఆపి చూడొచ్చు. నేలపట్టులో గూడబాతులు. దీనికి రైలు టికెట్టు కూడా అక్కర్లేదు.

అలిపిరి_మెట్లు

అందరికీ చేతులెత్తి దండం. నాయనకు అక్క రాసింది చదివి వినిపించినా, ఆయన ఏం మాట్లాడలేదు, కళ్ళద్దాలు తుడుచుకున్యాడు. రెండో రోజు తెల్లారంగానే ధనుష్కోడి ఖాయం.

రెండు సందేహాలు. అరిచల్‌మునైలో పాప నీళ్ళల్లో దిగొచ్చా? అమ్మ ధనుష్కోడిలో స్నానం చెయ్యాలంటాది, సేతువు అంటే అదే కదా అని. ఇంకోటి, ఆడ నీడ, తాగే నీళ్ళు ఉంటాయా?

మదనపల్లి_మబ్బు

దిగొద్దు. ఇది గట్టిగా చెప్తా ఉండా. రోడ్డు చివర నిలబడితే ఎడమవైపు బంగాళాఖాతం, కుడివైపు మన్నార్ సింధుశాఖ. అక్కడి జాలర్లు ఒకదాన్ని ఆడ సముద్రం, ఇంకోదాన్ని మగ సముద్రం అంటారు, ఒకటి నిమ్మళంగా ఉంటాది, ఇంకోటి ఎగిసిపడతా ఉంటాది. రెండూ కలిసే మొనలో కింద నీళ్ళు లాగతాయి, పైకి చూస్తే ఏం తెలీదు. మోకాలి లోతుకు దిగినోళ్ళను కూడా కాలు కింద ఇసుక కదిలిపోయి పడేస్తాది. అమ్మకు సంకల్పం ఉంటే ఒడ్డున నిలబడి నీళ్ళు నెత్తిన చల్లుకుంటే సరిపోతాది, స్నానం అగ్నితీర్థంలో చేసేసి ఉంటారు కదా.

నీడ లేదు, గొడుగు తీసకపోండి. 9 దాటితే ఇసుక మంట.

నేను పోయింది సముద్రంలో బతికే వాటి కోసం. దీవికి దక్షిణం వైపు మన్నార్ సింధుశాఖలో 21 చిన్న దీవులు కలిపి 1986లో మెరైన్ నేషనల్ పార్క్ చేసినారు. పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి, ఆ గడ్డి మేసే కడలి ఆవులు అన్నీ ఈ నీళ్ళల్లోనే. కడలి ఆవు మనకు కనపడదు, ఆశ పెట్టుకోవద్దు, చానా తక్కువ మిగిలినాయి. వాటి కోసమే 2022లో దీవికి ఉత్తరాన ఉండే పాక్ బే సముద్రం వైపు 448 చదరపు కిలోమీటర్లు రిజర్వ్‌గా ప్రకటించినారు, దేశంలో మొదటిది అదే. ఆ 21 దీవుల్లో ఒకటైన కురుసడై దీవికి అటవీశాఖ పడవలు నడుపుతారు, పాంబన్‌లో అడగండి, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. పాప ఉంది కాబట్టి తప్పకుండా ప్రయత్నం చెయ్యండి.

ఒక్క మాట బతిమాలి చెప్తా. అంగళ్ళలో గవ్వలు శంఖాలు చానా అమ్ముతారు, సరే. కానీ తెల్లగా కొమ్మల మాదిరి ఉండే పగడపు ముక్కలు కొనొద్దు, ఒడ్డున దొరికినా తెచ్చుకోవద్దు. చట్టప్రకారం తప్పు, దానికంటే ముందు అవి ఆ దీవిని కాపాడే గోడ.

చిత్తూరు_చింతచెట్టు

మబ్బు చెప్పింది నిజం. నేను మొదట గుడి చాలన్నాను. అక్క రాసింది చదివినాక నా మూడు యాత్రల్లో ధనుష్కోడికి ఒక్కసారి కూడా పోలేదే అనిపించింది. దారిలో కోదండరామాలయం దాకా పోయి వెనక్కి తిరిగి వచ్చినాను, విభీషణుడికి పట్టాభిషేకం జరిగిన చోటు అంటారు, 1964 తుఫానుకు కూడా నిలబడిన గుడి. అక్కడి నుంచి ఇంకాస్త దూరమే. బాబూ, నువ్వు పోయొచ్చి ఎట్లుందో రాయి.

అమ్మగారికి ఇంకొకటి చెప్పు. కాశీ యాత్ర తలపు ఉంటే సేతువు ఇసుక కొంచెం తెచ్చుకోవాలి. ఆ ఇసుక ప్రయాగలో గంగలో కలిపి, అక్కడి గంగ తెచ్చి రామేశ్వరంలో స్వామికి అభిషేకం చేయిస్తేనే యాత్ర పూర్తి అయినట్టు అని మా పెద్దవాళ్ళు చెప్పేవారు.

పుత్తూరు_పిల్లోడు

కుందుకాల్ కూడా చూడండన్నా, పాంబన్ దగ్గరే. వివేకానందుడు చికాగో నుంచి తిరిగి వచ్చి 1897 జనవరిలో మన దేశం నేల మీద కాలుపెట్టింది ఈ దీవి మీదే, స్మారకం ఉంది. కురుసడై పడవ కోసం పోయినప్పుడు అట్లే చూసేయొచ్చు.

అలిపిరి_మెట్లు

(ఫిబ్రవరి)

పోయొచ్చినాం. రాయాలని వారం నుంచి అనుకుంటా ఉండా, ఆఫీసులో తీరలేదు.

పోయేటప్పుడు వంతెన మీద చీకటే, కానీ పాకాలన్న మాట గుర్తుపెట్టుకోని పాపను లేపినా. కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది. బండి చానా నిదానంగా పోతాది, కింద నీళ్ళు కనపడవు, దూరంగా పడవల దీపాలు మాత్రం. అమ్మ చేతులు జోడించుకోని దాటేదాకా అట్లే ఉండింది.

మొదటిరోజు స్నానాలు. పెద్దాయన చెప్పిన మాట బంగారం, నేల జారతాది. మా ఆవిడ ఒకవైపు, నేను ఒకవైపు పట్టుకుంటే 22 బావులూ తిరిగింది అమ్మ, మధ్యలో రెండుసార్లు కూర్చుంది, కానీ ఒక్కటి కూడా వదిలేస్తానని అనలేదు. బావి మీద ఉన్న పిల్లోడు ఆమెను చూసి గుమ్మరించకుండా నిదానంగా పోసినాడు. ఆఖరిది కోటితీర్థం, అక్కడ పోసుకోని వణకతా నిలబడి నవ్వింది. ఆ నవ్వు నేను చిన్నప్పుడు చూసిందే.

రెండో రోజు 6 గంటలకు కారు. ఊరు దాటినాక రెండువైపులా సముద్రమే, మధ్యలో రోడ్డు, ఇసుకలో ముళ్ళకంపలు. అరిచల్‌మునైలో దిగేటప్పటికి ఎర్రగా లేస్తా ఉన్నాడు సూర్యుడు, అశోక స్తంభం చుట్టూ పది మంది కూడా లేరు. దూరంగా నీళ్ళల్లో ఇసుక తిట్టలు ఒకదాని తర్వాత ఒకటి కనపడతాయి, నాయన వాటినే చూస్తా నిలబడినాడు, రామాయణం చిన్నప్పటి నుంచి చదివే మనిషి, ఒక్క మాట మాట్లాడలేదు. అటువైపు 30 కిలోమీటర్లు పోతే తలైమన్నార్ అని పాపకు చెప్తే, అయితే వేరే దేశం ఈడ నుంచి మన చిత్తూరు కంటే దగ్గరా అని అడిగింది.

తర్వాత చర్చి దగ్గర ఆగినాం. అక్క చెప్పిన రాయిని పాప చేత్తో తడిమింది. అక్కడ గుడిసెల దగ్గర ఒకామె ఇసుకలో చిన్న గుంత ముందు గొంతుక్కూర్చోని ఉంది. మూర లోతు కూడా ఉండదు, అడుగున రెండు దోసిళ్ళ నీళ్ళు ఊరతా ఉండాయి. కొబ్బరిచిప్పతో ముంచి బిందెలో పోస్తాది, కాసేపు ఆగుతాది, మళ్ళా ఊరతాయి, మళ్ళా ముంచుతాది. సముద్రం అక్కడికి యాభై అడుగులు. తమిళంలో అడిగితే తాగి చూడు అని చిప్ప అందించింది. తియ్యటి నీళ్ళు, కొంచెం చల్లగా, అడుగున ఇసుక రేణువులు. వాళ్ళత్త తుఫానప్పుడు రామేశ్వరంలో బంధువుల ఇంటికి పోయి ఉండి మిగిలిందంట, కొన్నేళ్ళకు మళ్ళా వచ్చి ఈడే గుడిసె వేసుకునిందంట. ఎందుకొచ్చింది అని అడిగినాడు నాయన. చేపలు ఈడే కదా ఉండేది అనింది ఆమె. బిందె నిండేదాకా మేము అక్కడే కూర్చున్యాం, పాప కూడా ఒక పది చిప్పలు పోసింది.

స్టేషన్ గోడ దగ్గర పాప పట్టాలు ఏవి అని అడిగింది. లేవమ్మా అన్యా. శ్రీధరన్ సంగతి అప్పుడే చెప్పినా, 46 రోజులు అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది, వేసవి సెలవులు అంత అని.

కురుసడై పడవ గాలికి ఆపేసినారు. కలాం స్మారకం బాగుంది, ఎస్‌ఎల్‌వీ ముందు ఫోటో తీసుకున్యాం, సూళ్లూరుపేట అన్నా అది మీకే. విల్లూండికి పోలేకపొయినాం, అమ్మ అలిసిపొయింది. తిరిగొచ్చేటప్పుడు సాయంత్రం వెలుగులో వంతెన దాటినాం, ఒకవైపు నీళ్ళు పాలిపోయిన పచ్చ, ఇంకోవైపు ముదురు నీలం, బండిలో అందరూ తలుపుల దగ్గరికి వచ్చేసినారు.

అమ్మ అరిచల్‌మునైలో ఒడ్డున కూర్చోని పిడికెడు ఇసుక చిన్న ఇత్తడి చెంబులో పోసుకునింది. దేవుడి గూట్లో పెట్టింది. చింతచెట్టు పెద్దాయనా, కార్వేటినగరం అక్కా, ఇది కాశీ పోయేదాకా ఎట్లా ఉంచాల? మూతకు మైనం పెట్టాలా?

కార్వేటినగరం_అక్క

మైనం వద్దు తమ్ముడూ. మా అవ్వ చెంబు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, పసుపు గుడ్డ మూతికి కట్టి దారం చుట్టింది అంతే, ఇసుక ఇంగా పొడిపొడిగా ఉంది. ముందు ఒకరోజు పేపరు మీద పోసి నీడన ఆరబెట్టండి, తడి ఉంటే ఇత్తడికి చిలుం పడతాది. అవ్వ కాశీ పోలేకపొయింది. ఈ ఏడు నేను తీసకపోతా ఉండా, మీ అమ్మ వస్తానంటే చెప్పు, రెండు చెంబులూ కలిపే తీసకపోదాం.

అలిపిరి_మెట్లు

అమ్మను అడిగినా అక్కా. ఏ నెల అని అడగమంటా ఉంది.